అప్పలనర్సమ్మ సాక్ష్యం

అప్పలనర్సమ్మ నోరు మంచిదని బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఎవరూ అనలేదు. ఆవిడా ఎప్పుడూ అలా చెప్పుకోలేదు. కుళాయి దగ్గరికి బిందెతో వచ్చిందంటే వరసలో ఉన్నవాళ్ళు కాస్త సర్దుకుని నిలబడేవారు. ఆ నోటికి అందరికంటే ఎక్కువగా దొరికినవాడు మొగుడు పోలయ్య. అతను గూడ్సు బండి డ్రైవరు. ఎంత మొండి ఇంజినైనా పోలయ్య చెయ్యి పడితే మాట వింటుందని షెడ్డులో చెప్పుకునేవారు. ఇంటికొచ్చేసరికి మాత్రం అతనికి మట్టిబుర్ర, మొద్దు, ఎందుకూ పనికిరాని మనిషి అనే బిరుదులే మిగిలేవి.

ఆ తిట్ల వెనక ఏముందో ఆవిడ ఒక్క సింహాద్రి అప్పన్నకే చెప్పుకునేది. పొద్దున్నే స్నానం చేసి, పటం ముందు నిలబడి, పెదవులు కదపకుండా దండం పెట్టుకునేది. చీపురుపల్లి దగ్గర పల్లెలో, అందరికీ కడుపునిండా అన్నం దొరికిన రోజే పండగ అనుకునే ఇంట్లో పుట్టిన పిల్ల. పెళ్ళయిన ఏడే వాల్తేరులో రైలెక్కి, ఖరగ్‌పూర్ మీదుగా చుట్టు తిరిగి, మొగుడి వెనకాల ఈ ఊళ్ళో దిగింది. ఇక్కడ రెండు గదుల క్వార్టరు, పెరట్లో బీరపాదు, పక్కింట్లో మన మాట మాట్లాడే అచ్చియమ్మ. ఇదంతా ఆ మొద్దు మనిషి చలవేనని ఆవిడకి తెలుసు. తెలిసిన సంగతి పైకి అంటే పోతుందేమోనని భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని వింటూ పెరిగిన మనిషి. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, తరవాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తీసుకొచ్చి, పెంటయ్య అని పేరు పెడతారు వాళ్ళ వైపు. అంత పనికిమాలిన పేరున్నవాడి జోలికి ఏ కన్నూ పోదని నమ్మకం. ఆవిడ అన్నగారు అలా బతికిన పెంటయ్యే. అలాంటి ఇంటి పిల్ల, తనకు మొదటి కొడుకు పుట్టినప్పుడు, కన్నతల్లి మురిపెం ఆగక, ఓ సాయంత్రం అచ్చియమ్మకి చూపించి, "సూడే, నా గుంటడు ఎంత సక్కగున్నాడో" అంది. ఆ వారంలోనే జ్వరం తగిలి బిడ్డ పోయాడు. తరవాత పుట్టిన ఆడపిల్లలిద్దరినీ ఒక్కనాడూ బాగున్నారనలేదు. వాళ్ళు నిక్షేపంగా పెరిగి పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళారు. ఇంక ఆవిడ నమ్మకాన్ని ఎవరు కదిలిస్తారు?

యుద్ధం రోజులొచ్చాయి. బళ్ళు పెరిగాయి గానీ వాటిని నడిపే మనుషులు పెరగలేదు. పంతొమ్మిదివందల నలభై ఒకటి చలికాలంలో, ఓ తెల్లవారుజామున, బిల్హా స్టేషను దాటాక మంచులో పోలయ్య బండికి ఎదురుగా ఓ ఎద్దుబండి కనిపించింది. చక్రం పట్టాల మధ్య ఇరుక్కుపోయింది. పోలయ్య బ్రేకు వేశాడు. అన్ని పెట్టెల బరువు అంత దగ్గరలో ఆగుతుందా? బండివాడు బుధ్‌రామ్ బతికాడు. ఒక ఎద్దు పోయింది. విచారణ చేసిన అధికారులు డ్రైవరు తప్పేమీ లేదని రాశారు. అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ ఆ పొద్దుటి నుంచి పోలయ్య చేతులు వణకడం మొదలుపెట్టాయి. డాక్టరు చూసి, ఇంజిను మీదికి ఎక్కవద్దన్నాడు. షెడ్డులో ఇంజిన్లు తుడిచే పనిలో వేశారు.

ఇంజిను నడిపేవాడికి ఇంజిను తుడిచే పని ఇస్తే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పోలయ్య పొద్దున్నే వెళ్ళి తుడిచి వచ్చేవాడు. అన్నం ముందు కూర్చుని, స్టేషను వైపు నుంచి కూత వినిపిస్తే ముద్ద చేతిలో పెట్టుకుని ఆగిపోయేవాడు. అప్పలనర్సమ్మ మాత్రం తిట్లు రెట్టింపు చేసింది. చావు అంచుదాకా వెళ్ళి వచ్చిన మనిషి మీద ఎన్ని కళ్ళు పడి ఉంటాయి!

అప్పుడే కలకత్తా నుంచి ఘోషాల్ అనే మాస్టారు వచ్చాడు. మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాడు. ఎడతెరిపి లేని డ్యూటీలు రైలు పనివాళ్ళ మనసునీ నరాలనీ ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలని, అనుమతి తెచ్చుకుని ఊరూరూ తిరుగుతున్నాడు. రైల్వే డాక్టరు ఆయనకి పోలయ్య సంగతి చెప్పి, "ఇతను మళ్ళీ బండి నడపగలడా? మీ మాటని బట్టి నేను తేలుస్తాను" అన్నాడు. ఘోషాల్‌కి తెలుగు రాదు. ఆఫీసు గుమాస్తా రమణమూర్తిని దుబాసీగా ఇచ్చారు. విజయనగరంలో చదువుకున్నవాడు, తన ఇంగ్లీషు మీద తనకి మా చెడ్డ గురి.

ఘోషాల్ ముందు పోలయ్య సర్వీసు కాగితాలు చూశాడు. ఒక్క మచ్చ లేదు. తరవాత అతన్ని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో కూర్చోబెట్టి ఓ చెక్కపెట్టె ముందు పెట్టాడు. ఎర్రదీపం వెలగ్గానే మీట నొక్కాలి, పచ్చదానికి నొక్కకూడదు. మొదటి రోజు పోలయ్య తడబడ్డాడు, మర్నాడు కుదురుకున్నాడు. బాగుందనీ చెప్పలేం, బాగాలేదనీ చెప్పలేం. ఆ తరవాత ప్రశ్నలు అడిగాడు.

"నీ పనిలో నువ్వు సమర్థుడివేనా?"

"నానేటి సమర్దుణ్ణి బావూ."

"ఆపద వస్తే ధైర్యంగా నిలబడతావా?"

"నాకేటి దైర్యం. అప్పన్న దయ."

"మళ్ళీ బండి ఇస్తే నడపగలవా?"

పోలయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఏటో బావూ. నాకేటి తెలుసు" అన్నాడు.

మర్నాడు ఘోషాల్ రమణమూర్తిని వెంటబెట్టుకుని క్వార్టరుకి వచ్చాడు. అప్పలనర్సమ్మ నులకమంచం వాల్చి, టీ ఇచ్చింది. మీ ఆయన ఎలాంటి మనిషి అని అడిగారు. కొత్త మనిషి, కాగితం పెన్సిలు పట్టుకుని, కళ్ళార్పకుండా చూస్తూ అడుగుతున్నాడు. ఇంతకంటే దిష్టి తగిలే సందర్భం ఉంటుందా? ఆవిడ కొంగు నడుముకి దోపింది.

"ఆడా బావూ? ఒట్టి పిరికి మనిసి. సెప్పింది సెప్పినట్టే మరిసిపోతాడు. సెయ్యెట్టిన పని సెడగొట్టడవే. ఆడికి ఇంజినెవులిచ్చినారో గానీ, నానైతే ఎద్దుబండి కూడా ఇవ్వను."

గోడ మీంచి అచ్చియమ్మ తలకాయ కనిపించింది. పొరుగింటి మగవాడు క్షేమంగా ఉండాలంటే తనూ ఓ చెయ్యి వెయ్యాలి కదా. "నాకు తమ్ముడి లాటోడు, అయినా సెప్పక తప్పదు బావూ. ఉప్పుకీ పంచదారకీ తేడా తెల్దాడికి" అని వంత పాడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలూపుకున్నారు. రమణమూర్తి అక్షరం పొల్లుపోకుండా అదంతా ఇంగ్లీషు చేశాడు. ఘోషాల్ రాసుకున్నాడు.

ఇది జరిగిన మూడో రోజు రమణమూర్తి ఆఫీసుకి వెళ్తూ ఆ గుమ్మం ముందు ఆగాడు. మనసులో ఏదో గుచ్చుకుంటోంది కాబోలు, కాస్త కటువుగానే అడిగాడు. "ఏమమ్మా, అంత చేతకాని మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశావు? మాస్టారు సోమవారం కలకత్తా వెళ్ళిపోతున్నారు. నువ్వు చెప్పింది చూస్తే ఇంక మీ ఆయనకి ఇంజిను ఇచ్చేలా లేరు."

అప్పలనర్సమ్మ చేతిలో చేట కింద పడింది. బియ్యం గుమ్మమంతా చెదిరాయి.

"నాను మాటవరసకి అన్నాను బావూ!"

"మాటవరస అని ఎక్కడ రాసుకుంటారమ్మా? నువ్వన్నదే నేను చెప్పాను."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. అంతలోనే ఎక్కళ్ళేని కోపం వచ్చింది. "తమరు తెలుగోరు కాదేటి? తమ అమ్మగోరు తమర్ని పైవోళ్ళ ముందర ఏటని పిలుత్తారో మర్సిపోనారేటి?"

రమణమూర్తికి గుర్తొచ్చింది. వాళ్ళమ్మ, కొడుకు మెట్రిక్ పాసైన రోజున వీధివీధంతా పలకరించడానికొస్తే, "ఆ సన్నాసికి చదువేమిటి, ఎవడి కాగితమో వీడికిచ్చేసుంటారు" అంది. లోపలికెళ్ళి ఆ సన్నాసిని ముద్దుపెట్టుకుని ఏడ్చింది. తెలిసి తెలిసీ తను మాటలు మాత్రమే మోశాడు. అతను ఆఫీసు మాట మరిచిపోయి, గిర్రున వెనక్కి తిరిగి ఇన్‌స్టిట్యూట్ వైపు నడిచాడు.

ఘోషాల్ మంచివాడు. శ్రద్ధగా విన్నాడు. "నాకూ అనుమానంగానే ఉంది" అన్నాడు. "ఒక మనిషిని తెలుసుకోవడానికి మా శాస్త్రంలో నాలుగు దారులున్నాయి. అతని జీవితం కాగితాల మీద వదిలిన జాడలు ఒకటి. అతన్ని రోజూ చూసేవాళ్ళ మాట ఒకటి. మేం పెట్టే పరీక్షలో అతను చేసేది ఒకటి. తన గురించి తను చెప్పుకునేది ఒకటి. ఏ దారిలోనైనా పొరపాటుకి చోటుంది, అందుకే నాలుగూ చూస్తాం. ఇక్కడ కాగితాలు ఒకటి చెప్తున్నాయి, పెళ్ళాం ఇంకోటి చెప్తోంది, పరీక్ష ఎటూ చెప్పడం లేదు, అతను తనని తానే నమ్మడం లేదు. ఇలా ఉంటే నేను సంతకం ఎలా పెడతాను?"

"అయితే ఆవిడ మాట కొట్టేయండి" అన్నాడు రమణమూర్తి.

"మీరు చెప్పారని కొట్టేస్తే, అది మీ మాట అవుతుంది గానీ ఆవిడ మాట కాదుగా. ఆవిణ్ణే రమ్మనండి."

ఆదివారం పొద్దున మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. దారిలో అప్పలనర్సమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. పోలయ్యకి అది చూసే భయం వేసింది. హాల్లో బెంచీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఒకరి గురించి అడిగేటప్పుడు ఆ మనిషి ఎదురుగా ఉండకూడదని ఘోషాల్ పోలయ్యని వరండాలోకి వెళ్ళమన్నాడు. పోలయ్య లేచాడు.

"ఎల్లకు. కూకో" అంది అప్పలనర్సమ్మ. మాస్టారి వైపు తిరిగి దండం పెట్టింది. "బావూ, ఈ మాటలు నా నోటంట ఇంకోపాలి వత్తాయో రావో. ఆడు ఇనాల."

ఘోషాల్ సరే అన్నాడు.

ఇంత చేసీ ఆవిడకి నోరు పెగల్లేదు. మంచివాడు అనాలి. అంతే కదా. అది అనబోతే ఎప్పుడో పోయిన బిడ్డ ఒంటి వేడి అరచేతులకి తగిలినట్టయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. రమణమూర్తి ఆవిడ భయమేమిటో మాస్టారికి వివరించాడు. ఈసారి అతను మాటల్ని మోసి ఊరుకోలేదు. ఘోషాల్ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, నెమ్మదిగా అన్నాడు. "మంచివాడని చెప్పొద్దమ్మా. చెడ్డవాడనీ చెప్పొద్దు. నువ్వు కళ్ళతో చూసింది చెప్పు, చాలు."

చూసింది చెప్పడం పొగడ్త కాదు కదా. అప్పలనర్సమ్మ కొంగు తీసింది.

"డూటీ ఉన్నాదంటే ముందురోజు నుంచీ సుక్క ముట్టడు. అల్లుడొచ్చినా ముట్టడు. కేరేజీ అట్టుకెల్లినప్పుడు సూసినాను, ఇంజినెక్కి ముందర బ్రేకు సరిసూసుకుంటాడు, ఆ తరవాతే దండవెట్టుకుంటాడు. దేవుడి కన్నా బ్రేకు ముందేటని నానే తిట్టినాను. బిల్లాలో ఆ రైతుకి ఎద్దు పోనాది. ఒంటెద్దుతో ఏటి సేత్తాడు? ఈడు రెస్టు రోజున ఎల్లి ఆ పొలంలో పని సేసి వత్తాడు. తప్పు నీది కాదని రాసీసినారు కదా, ఏల ఎల్తావంటే పలకడు."

"చేతులు?" అని అడిగాడు ఘోషాల్.

"ఒణుకుతాయి బావూ. అబద్దవెందుకు? ఊరికే కూకుంటే ఒణుకుతాయి. మొన్న నాకు సూపానక సూదిలో దారం ఎక్కనేదు. ఆడే ఎక్కించి నా రైక కుట్టినాడు. ఒక్క కుట్టు వంకర పోనేదు. పిరికోడని సెప్పినాను. బయం ఉన్నాది ఆడికి. బయం ఉన్నాది గనకే దూరం నుంచీ కూత ఏత్తాడు. బయం నేనోడైతే ఆ పొద్దు బండివోడు బతికుందుడా?"

ఘోషాల్ గబగబా రాస్తున్నాడు. ఇంక చాలు అనవచ్చు. కానీ అప్పలనర్సమ్మ అక్కడ ఆగలేదు. కట్ట తెగాక నీరు ఆగుతుందా?

"మా గుంటడు పోనప్పుడు నానే పొగిడి సంపీసినానని తలకాయ గోడకేసి కొట్టుకున్నాను. కోటర్ల లైనంతా అదే అంది. మా అత్త అంది. ఈడొక్కడే, నువ్వు కాదే, జొరవే అన్నాడు. ఆ తరవాత ఎన్నిసార్లు ఎంత కోపవొచ్చినా ఆ మాట నా మీదకి తేనేదు బావూ. ఒక్కపాలైనా తేనేదు. ఇలాటి మనిసిని నాకిచ్చినావని రోజూ అప్పన్నకి దండవెట్టుకుంటాను. ఆడు మంచోడు. రాసుకోండి. మంచోడు."

రమణమూర్తి దాన్ని ఇంగ్లీషు చెయ్యబోయాడు. అక్కర్లేదని ఘోషాల్ చేత్తో సైగ చేశాడు. అప్పుడు పోలయ్య వైపు తిరిగి, మొన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగాడు. మళ్ళీ బండి ఇస్తే నడపగలవా?

పోలయ్య తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. "నడుపుతానండి" అన్నాడు.

"భయం వేస్తే?"

"బయమేత్తే ముందే ఆపుతానండి."

తరవాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చేతికి పని ఉన్నప్పుడు వణుకు ఉండదన్న మాట పట్టుకుని ఘోషాల్ తన ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పక్కనుండగా పోలయ్య చేత బండి నడిపించి చూడమని డాక్టరుని ఒప్పించాడు. పోలయ్య నడిపాడు. నెల తిరక్కుండా తన బండి మీదికి తను ఎక్కాడు. రిటైరయ్యేదాకా దిగలేదు. ఘోషాల్ మళ్ళీ ఆ ఊరు రాలేదు. కానీ అప్పలనర్సమ్మ పెద్దకూతురికి కొడుకు పుట్టినప్పుడు, ఎవరు వద్దన్నా వినకుండా, ఆ బంగాళీ మాస్టారి పేరు పెట్టించింది. శ్రీకాకుళం వైపు పెరిగిన ఆ పిల్లాణ్ణి ఘోషాలూ అని పిలుస్తుంటే ఊళ్ళోవాళ్ళు వింతగా చూసేవారు. రమణమూర్తికి ఏటా మొదటి బీరకాయలు వెళ్ళేవి.

చెప్పవలసింది ఇంకా ఒకటుంది. అది ఆ ఆదివారం ఇంటికి తిరిగొచ్చే దారిలో జరిగింది.

ఇద్దరూ రైలు పట్టాల పక్కనే నడుస్తున్నారు. పోలయ్య ముందు, అప్పలనర్సమ్మ వెనక. క్వార్టర్ల దగ్గరికి వచ్చాక పోలయ్య ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఇయ్యన్నీ నీ మనసులోవేనేటే?"

"నావి కాకపోతే ఎవులివి?"

"మరెప్పుడూ సెప్పనేదు."

"సెప్తే దిష్టి కాదేటి? నీకు తెల్దేటి?"

"తెలుసు. దిష్టికే తిడతన్నావని తెలుసు." పోలయ్య తువ్వాలు అంచు వేళ్ళతో చుడుతూ నిలబడ్డాడు. "తెలిసినా... రోజూ ఇనగా ఇనగా, నిజవేననుకున్నానే."

అప్పలనర్సమ్మ అక్కడే ఆగిపోయింది. ఊరందరి కళ్ళ నుంచీ ఈ మనిషిని కాపాడుకున్నాననుకుంది. తన నోటి నుంచి కాపాడాలని ఒక్కనాడూ తోచలేదు. మాస్టారు అడిగినప్పుడు నాకేటి తెలుసు అన్నవాడు వినయంతో అనలేదు. నిజంగానే తెలియక అన్నాడు. తను చెప్పనిదే అతనికి ఎలా తెలుస్తుంది?

ఆవిడ కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. అచ్చియమ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. డ్యూటీ దిగిన మనుషులు గుంపుగా వస్తున్నారు. అందరి కళ్ళూ వీళ్ళ మీదే ఉన్నాయి.

"ఇలా రా మావా" అంది. అతని చెయ్యి పట్టుకుని అందరి మధ్యా నిలబెట్టి, హాల్లో చెప్పిందంతా మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు తగ్గించలేదు.